దండోరా డాక్టరు

దండోరా డాక్టరుకు అంటురోగం మాట కడుపులో దాగదు. రోగి చాచిన నాలుక లోపలికి పోకముందే ఆయన ఫోను చెవికి ఆనేది. "ఆరోగ్య శాఖా? నేనే. అవును, మళ్ళీ నేనే." అవతల ఎత్తే గుమాస్తా నిద్దట్లో కూడా "వివరాలు చెప్పండి" అంటున్నాడని వాళ్ళావిడ పుట్టింటికి పోయిందట.

చుట్టపుచూపుగా వచ్చిన సొంత మామగారికి విరేచనాలు పట్టుకుంటే, ఆయన మరుగుదొడ్డి తలుపు తీసేసరికి శాఖవాళ్ళు సీసా పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు. మామగారు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

వీధి చివరి డాక్టరు అలా కాదు, మహా మర్యాదస్తుడు. కలరా వచ్చినా "వేడి చేసింది" అనేవాడు. శాఖకు ముక్క కూడా చెప్పేవాడు కాదు. ఆయన దగ్గర ఏ రోగానికీ పేరుండేది కాదు కాబట్టి జనం తమకు రోగమే లేదనుకుని, సంతోషంగా నలుగురికీ అంటించి వచ్చేవారు. గిరాకీ అంతా ఆయనకే.

బట్టలు కుట్టే ఆవిడ దగ్గును కూడా ఆయన "దూది పీచు" అని తేల్చేశాడు. మందు సీసాలు ఖాళీ అయినా దగ్గు తగ్గక, ఆవిడ దండోరా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన పరీక్ష చేయించి చూశాడు.

"టీబీ అమ్మా. మానకుండా మందులు వాడితే పోతుంది" అంటూనే ఫోను మీద చెయ్యి వేశాడు.

"ఆగండి బాబూ. శాఖ బండి మా గుమ్మంలో ఆగిందంటే, మా ఇంటి ఓనరు నా మిషను తీసి రోడ్డు మీద పెడతాడు. ఇక నేను కుట్టిన గుడ్డ ఎవరు తొడుక్కుంటారు?"

"చెప్పక తప్పదమ్మా. మందులిచ్చేదీ వాళ్ళే, ఇంకెవరికైనా అంటిందేమో చూసేదీ వాళ్ళే."

"మీ నోట్లో నువ్వుగింజ నానదా?"

"నానదు" అని ఆయన లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆవిడ మెట్లు దిగుతూ ఆయన వంశాన్నంతా కడిగిపారేసింది.

మర్నాడు బండి వచ్చింది. ఆవిడ తలుపు గడియ పెట్టి సందులోంచి చూసింది. బండి తిన్నగా వెళ్ళి డాక్టరు ఇంటి ముందే ఆగింది. ఆయన బనీనుతో బయటికొచ్చి, వీధంతా చూస్తుండగా కళ్ళె పరీక్షకిచ్చిన డబ్బాలోకి కాకులు లేచిపోయేలా దగ్గాడు. తర్వాత పక్కిల్లు. ఆ తర్వాత ఇంటి ఓనరు.

"ఉక్కులా ఉన్నాను. నాకెందుకయ్యా?"

"వీధి మొత్తానికీ పరీక్ష చెయ్యాలండీ. డాక్టరుగారు పట్టుబట్టారు. దగ్గండి."

"రావటంలేదు."

"గట్టిగా ప్రయత్నించండి."

నడుం పట్టేసేదాకా ప్రయత్నించాడు పాపం. ఆ గోలలో కుట్టు ఆవిడకు డబ్బా ఇస్తే చూసినవాడే లేడు.

అయితే వీధికి ఎవరో ఒకరు దొరకాలి కదా. వీధి చివరి డాక్టరు సూది గుచ్చుతూ గుచ్చుతూ అందరి చెవిలో ఊదాడు: "ముందు అతనింటికే ఎందుకొచ్చారంటారు?" దండోరా డాక్టరు బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆయన అవుననలేదు, కాదనలేదు.

కొన్ని వారాలకు, దగ్గు తగ్గి మొహంలో కళ తిరిగొచ్చిన కుట్టు ఆవిడ దగ్గరికి ఇంటి ఓనరు చిరిగిన చొక్కా పట్టుకుని వచ్చాడు. "అమ్మాయ్, ఆ దండోరా గాడి ఛాయలకు పోకు. వాడికే టీబీ అట."

ఆవిడ నోట్లో మాత్ర వేసుకుని, గుక్కెడు నీళ్ళు తాగింది.

"పాపం పోనీండి బాబాయిగారూ. ఆయన సంగతి మనం బయటపెట్టొద్దు."