రొట్టెకు ముందు అవ్వ అడిగే మాట

ఇల్లందు అవతలి గూడెం నుంచి మా చర్చికి వచ్చే అవ్వ, నెలకోసారి యేసు జ్ఞాపకంగా పంచే ప్రభు బల్ల రొట్టె ముట్టే ముందు వరుసల వెంట తిరిగేది. తన మీద ఒకరికి కోపం ఉండగా ఆ రొట్టె తినకూడదని ఆమె నమ్మకం. ఎవరికైనా కోపం ఉన్నదనిపిస్తే వాళ్ళ చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగేది: “నా మీద ఏమన్న ఉందా బిడ్డా?”

నాకు ఉంది. నాలుగేళ్ళ కిందట నేను ప్రార్థన చేస్తుంటే, “జర చాలు తియ్, దేవునికి చెవులున్నయ్” అని అందరినీ నవ్వించింది.

చర్చికి కెమెరాలు, రంగు లైట్లు వచ్చాక ఒక ఆదివారం ఆమె నా ముందు ఆగింది. రొట్టె పట్టుకుని నిలబడ్డ పాస్టరుగారు మైకులోనే, “అవ్వా, లైవ్ నడుస్తున్నది, జల్దీ కూసో” అన్నారు.

“నడవనీ అయ్యగారూ, యేసయ్యకు తొందర లేదు” అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. కెమెరా మా వైపు తిరిగింది.

“ఏం లేదవ్వా” అన్నాను.

“లేకుంటే చెయ్యెందుకు గుంజుకుంటున్నవ్?”

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఆమె వెళ్ళి కూర్చుని, ఆ రోజు రొట్టె ముట్టలేదు. నేను తిన్నాను. మరుసటి నెల బల్లకు ముందే ఆమె చనిపోయింది.

ఇప్పుడు మా బల్ల అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. నన్ను తిననిచ్చి తాను మానుకున్నందుకు ఆమె మీద నాకింకా కోపమే. కానీ రొట్టె నా దగ్గరికి వచ్చినప్పుడల్లా తినకుండా పక్కవారికి అందించేస్తున్నాను.