పిస్టల్‌కి రాసిన పసుపు

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. నిజానికి దాన్ని మోసింది వేరొకరు. నేను చూస్తూ ఊరుకున్నాను, అంతే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మావారికి అవనిగడ్డ దగ్గర రొయ్యల చెరువులున్నాయి. లీజు గొడవల్లో బెదిరింపులు వస్తే లైసెన్స్ తెచ్చుకుని పిస్టల్ కొన్నారు. అరచేతిలో ఇమిడేంత చిన్నది. చొక్కా కింద నడుముకి పెట్టుకుంటే పైకి తెలియదు. కానీ మా ఉక్కపోతలో ఆ ఇనుము ఒరుసుకుని చర్మం కందిపోయేది. పాత పంచె రెండు మడతలు వేసి దానికి నేనే మెత్తటి సంచి కుట్టాను. ఇప్పుడు హాయిగా ఉందన్నారు. ఆ మాటకే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ పిస్టల్‌ని శుభ్రం చేసేది పక్కింటి బాబాయిగారు. పటాలంలో చేసి వచ్చి మా చెరువుల కాపలా చూసేవారు. చుట్టరికం లేదు, పిలుపే. ఉప్పుగాలికీ చెమటకీ తుప్పు పట్టకుండా విప్పి, తుడిచి, నూనె చుక్క వేసేవారు. ఆయన భార్య పిన్నిగారు నాకు అమ్మ తర్వాత అమ్మ. నేను బడికి వెళ్ళలేదు. అమ్మ ఇంట్లో దిద్దించిన అక్షరాలే నా చదువు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని పిన్నిగారూ నేనూ స్తోత్రాలు చదువుకునేవాళ్ళం. నేను తడబడితే ఆవిడ దిద్దేవారు కాదు, నేనే సర్దుకునేదాకా ఆగేవారు.

ఆ ఏడు విజయదశమి పొద్దున బాబాయిగారు పిస్టల్ తుడిచి, తూటాలు తీసి, ఆయుధపూజకిచ్చారు. ఇది చిన్నదమ్మా, సందులన్నీ ఇరుకు, బొట్టు పైపైనే పెట్టు, లోపలికి తడి పోనివ్వకు అని చెప్పారు. విన్నాను. అయినా పీట మీద పెట్టి పసుపూ గంధమూ నిండా రాశాను. కొబ్బరినీళ్ళు చల్లాను. ఇది ఎవరినీ చంపకూడదు తల్లీ, ఈయన్నీ ఎవరూ చంపకూడదు అని మొక్కుకుంటూ రాశాను. సాయంత్రం పైపైన తుడిచి సంచిలో పెడుతుంటే సందుల్లో పసుపు కనిపించింది. చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. పండగ హడావుడిలో మరిచిపోయానా? లేక అది పేలకపోతేనే మేలని లోపలెక్కడో కోరుకుని, ఆ కోరికకి భక్తి అని పేరు పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడు మావారు దానిలో తూటాలు పెట్టుకుని చెరువుల దగ్గరికి వెళ్ళారు. ఆ రోజే గట్టు మీద నలుగురు కర్రలతో ఆయన మీదికొచ్చారు. గాల్లోకి కాలుద్దామని తీస్తే, వెనక్కి లాగిన పై భాగం సగంలో ఇరుక్కుపోయింది. ఆయన చెయ్యి విరగ్గొట్టి పోయారు. ప్రాణం దక్కింది. దానికి ఈనాటికీ కృతజ్ఞురాలిని.

కట్టుతో ఇంటికి రాగానే బాబాయిగారిని పిలిపించారు.

"మిమ్మల్ని నమ్మి నడుముకి కట్టుకున్నాను బాబాయ్. ఇదేనా తుడవడం?"

"నిన్న పొద్దున్నే తుడిచాను బాబూ" అంటూ బాబాయిగారు దాన్ని విప్పారు. వేలికి పసుపంటింది. తలెత్తి, గుమ్మంలో ఉన్న నన్ను చూశారు. వేలు మెల్లగా పంచెకి తుడుచుకున్నారు.

"సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాదే."

"పటాలంలోనూ ఇలాగే తుడిచేవారా? దేశం ఎలా మిగిలిందో మరి."

ఆయన విప్పిన భాగాలను ఒక్కొక్కటే తుడవసాగారు. నేను నోరు విప్పలేదు.

నెల తిరగకుండా నందివాడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు ఇద్దరూ. వెళ్ళొస్తానమ్మా అన్నారు పిన్నిగారు, రోజూ ఇంటికి వెళ్ళేటప్పుడు అన్నట్టే. ఆవిడకి తెలుసో తెలియదో. రెండుసార్లు గుడివాడ దాకా బస్సులో వెళ్ళాను. నందివాడ బస్సు ఎదురుగా ఆగి ఉంది. ఎక్కలేక తిరిగొచ్చాను. ఇప్పటికీ స్తోత్రం చదువుతూ తడబడితే ఆగుతాను, పక్కన ఎవరో నాకోసం ఆగినట్టు. ఎవరూ ఉండరు.

బాబాయిగారు నిరుడు పోయారు. మావారు ఇంటికొచ్చిన వాళ్ళకి ఆ కథ ఇంకా చెబుతారు, ముసలాయన నిర్లక్ష్యం వల్ల చెయ్యి పోయేదని. నేను కాఫీలు ఇచ్చి లోపలికి వచ్చేస్తాను. కట్టుకున్నవాడిని కాపాడుకున్నాననుకుంటూ ఒక నిజాయితీపరుడి పేరు చెడగొట్టాను. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేరు.

ఈ కాగితం మావారికి చూపించే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. కనీసం ఒక్కచోటైనా నిజం రాసి ఉండాలి. బాబాయిగారు పనిలో ఏనాడూ లోపం చెయ్యలేదు. ఆ పిస్టల్‌ని పాడుచేసింది నేను. తెలిసి ఊరుకున్నదీ నేనే.