ఇసొయొ నకలు రాసిన తూనీగ

ఇసొయొ కుంచె మొనను సిరా నూరే రాయి అంచున ఒత్తి, నాలుగో చీటీకి నకలు మొదలుపెట్టింది. సరస్సు ఒడ్డునున్న ఆ ఊరి కవుల బృందంలో ఏ పద్యం ఎవరిదో దస్తూరీని బట్టి తెలియకూడదు. అందుకని చీటీలన్నీ ఒక్క చేత్తోనే తిరగరాయాలి. ముప్ఫై ఏళ్ళు గడ్డిచాపలకు గుడ్డ అంచులు కుట్టిన ఇసొయొ, దుకాణంలో ధరల అట్టలు రాస్తూ కుంచె పట్టడం నేర్చుకుంది. కవిత్వం గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగరు. గీత వంకరపోకపోతే వాళ్ళకు అదే పదివేలు.

బృందానికి గురువు త్సుకుదా మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఎండాకాలం ఆయన రెండు కసరత్తులు ఇస్తారు. దెయ్యం అన్న మాట వాడకుండా అయిదు వాక్యాల్లో భయపెట్టే కథ ఒకటి. ప్రకృతి మీద మూడు పాదాల పద్యం ఇంకొకటి, అందులో ఒకే ఋతువు ఉండాలి. భయమేస్తే ఒళ్ళు చల్లబడుతుందంటారు. ఆయన ఎర్రసిరా చూస్తే ఏ కాలంలోనైనా చల్లబడుతుంది. ఏటా ఇసొయొ రాసి కుట్టే చిన్న పుస్తకంలో, ఆయన దిద్ది తన మాట చేర్చిన పద్యం నెత్తిన ఎర్రచుక్క పెట్టాలి. ఇప్పటిదాకా చుక్క లేకుండా వచ్చినవి మాస్టారి పద్యాలే.

నాలుగో చీటీ తొమెది. ఎనభై ఏళ్ళ తొమె టోఫు, అంటే సోయాపాల జున్ను, చేసి అమ్ముతుంది.

చల్లని టోఫు
కోయబోతే కత్తిపై
మేఘపు నీడ

ఇసొయొ కుంచె ఆపి, చీటీ ఇవ్వడానికొచ్చి పక్కనే కూర్చున్న తొమె వైపు తిరిగింది. "తొమెక్కా, ఇది పోయినేడు మాస్టారు దిద్దిందే కదా? నువ్వు రాసింది తూనీగ నీడ."

"అవునే. టోఫు ఎండాకాలంది, తూనీగ శరత్తుది, రెండూ ఒక పద్యంలో ఇమడవని కొట్టేశాడు. తూనీగ వచ్చి వాలింది, నేనేం చెయ్యను?" తొమె కళ్ళు నులుముకుంది. "వచ్చే ఏటికి ఈ చూపు ఉండదన్నాడు డాక్టరు. చుక్క లేకుండా నా పేరు ఒక్కసారి చూసుకోవాలని ఆయన మాటే ఆయనకు పంపాను. తన మాట తాను కొట్టుకోడు కదా."

మధ్యాహ్నం సభ మొదలైంది. ముందు కథలు చదివారు. మందులషాపు మినోబె కథలో మరదలు నెల రోజులుంటానని పెట్టెతో దిగుతుంది.

"భయమేదీ?" అన్నారు మాస్టారు.

"మీకు మరదళ్ళు లేరు కదండీ," అన్నాడు మినోబె.

తర్వాత పద్యాలు. నాలుగోది చదివి మాస్టారు విసనకర్ర పక్కన పెట్టారు. "ఎవరో కానీ బొత్తిగా లోకం చూడని మనిషి. కత్తి మీద మేఘం పడుతుందా? చిన్నప్రాణి ఏదైనా ఉండాలి." ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన రాశారు. "తూనీగ నీడ. ఇప్పుడు చూడండి, ఎలా లేచి నిలబడిందో."

"తూనీగ శరత్తుది కదండీ?" అని తొమె మెల్లిగా అడిగింది.

"నియమం నేర్చుకునేవాళ్ళకమ్మా. ఇంతకీ ఎవరిదిది?"

"తొమె," అని ఆచారం ప్రకారం తన పేరు తానే చెప్పుకుంది.

"నయమైంది, నా చేతిలో పడింది," అన్నారు మాస్టారు. "ఇసొయొ గారూ, దీనికి చుక్క కాస్త పెద్దదే పెట్టండి."

సభ ముగిశాక ఇసొయొ చీటీలన్నీ సర్దుకుంది. ఇంటికెళ్ళి పాత చీటీల కట్ట విప్పింది. పోయినేటి చీటీ మీద తొమె వంకర అక్షరాల్లో తూనీగ ఉంది, దానికి తను రాసిన నకలులో తూనీగ మీద మాస్టారి ఎర్రగీత ఉంది. చుక్క అంటే మాస్టారి మాట చేరిందని గుర్తు. ఇందులో ఆయన మాట ఒక్కటీ లేదు. లేని అంచు ఉందని చాప అమ్మడం ఆమెకు చేతకాదు.

తూనీగ పద్యాన్ని నల్లసిరాతో, తొమెకు ఆనేలా లావు అక్షరాలతో రాసింది. ఎర్రసిరా బుడ్డి మూత తియ్యలేదు. పేజీలన్నీ కలిపి నాలుగు చిల్లులు పొడిచి, పట్టుదారంతో కుట్టి, ముడి లోపలికి నొక్కింది. మర్నాడు పొద్దున్నే టోఫు కొట్టుకు వెళ్ళి, తొమె చేతులు తుడుచుకునేదాకా ఆగి, పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి ఆమె చేతుల్లో పెట్టింది.