యాకోబు తిన్న బెల్లం

యాకోబు కుట్టిన తోలు మోట నుంచి చుక్క కారదు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఎన్నో వ్యవసాయ బావుల్లో అతని తోలు నీళ్లు తోడింది. ఎద్దు తోలును సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, ఆరె సూదితో కుట్టి, చివరికి నిండా నీళ్లు పోసి చెట్టుకొమ్మకు వేలాడదీసేవాడు. కింద బూడిద చల్లేవాడు. తెల్లారి బూడిద మీద ఒక్క మచ్చ కనబడినా కుట్టు మొత్తం విప్పేవాడు. ఆ మోట పారించిన నీళ్లతో పండిన అన్నం అందరం తింటాం. అతను తాకిన చెంబు మాత్రం ముట్టం. ఊళ్లో మా ఇంట్లోనూ అంతే. ఈ మాట ముందే ఒప్పుకుంటే మేలు, తర్వాత నీతులు చెప్పినట్టు ఉండదు.

చివ్వెంల దగ్గర, మా ఊరికి ఎడంగా ఉన్న ఎర్రకుంట పల్లె అతనిది. మాదిగ కుటుంబం, తండ్రి నాడే క్రైస్తవంలోకి వచ్చింది. కుంట కింద రెండెకరాల తుమ్మల పొదను పన్నెండేళ్లు కొట్టి, రాళ్లు ఏరి, వరి మడి చేశాడు. మడి తయారయ్యాక అది తన గడి భూమి అని దొరకు గుర్తొచ్చింది. పోయినేడు దొర బండ్లు వచ్చి పంటంతా ఎత్తుకుపోయాయి. ఈ ఏడు, అంటే పందొమ్మిది వందల నలభై ఏడు కార్తీకంలో, గుమాస్తా కబురు పంపాడు: "గురువారం బండ్లొస్తయి. కోసి తయారు పెట్టు." యాకోబు భార్య సుందరమ్మ కొడవలి తీసుకెళ్లి చూరులో దోపి, మళ్లీ దాని వంక చూడలేదు. ఈసారి కూడా పంట పోతే ఆ మడి ఇక తమది కాదని ఇద్దరికీ తెలుసు.

దొర దెబ్బ ఒక్క యాకోబుకే తగల్లేదు. తుమ్మలబండ తండా వాళ్ల జొన్న పోయింది. ఊళ్లో గొల్లల మంద నుంచి పండుగ పండుగకూ పొట్టేళ్లు పోయాయి. అందరినీ విడివిడిగా కొట్టాడు కాబట్టే కొట్టగలిగాడు. అందుకని సోమవారం పొద్దున ఊరివాళ్లం, పల్లెవాళ్లు, తండావాళ్లు తండా ముందర బయల్లో గుండ్రంగా కూర్చున్నాం. అలా కూర్చోవడం అదే మొదటిసారి. తండా నాయకుడు దస్రు, గొల్ల పెద్ద కొమురయ్య ఎదురెదురుగా పడ్డారు. ఇక ఊరుకుంటారా?

"మీ గొర్లు మా చేను మేసినయి. ముందుగాల అది తేల్చు," అన్నాడు దస్రు.

"గొర్రెకు హద్దురాయి ఎట్ల తెలుస్తది నాయక్?"

"గొర్రెకు తెల్వదు సరే. దాని ఎనుక నడిచేటోనికి?"

"ఆడు గొర్రెకన్న అధ్వాన్నం. మా బామ్మర్ది గద!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సగం పంచాయితీ తెగిపోయింది. మిగతా సగం మధ్యాహ్నానికి తెగింది: ఎవరి మడి మీదికి దొర బండ్లు వస్తే ఆ మడిలోకి అందరూ దిగి కోయాలి. తండా మగవాళ్లు వడిసెలలతో గట్ల మీద నిలబడాలి. వడిసెలలో రాయి పెట్టే తోలు యాకోబు కుట్టి ఇవ్వాలి. ఆ మాట అతనికి వెనక్కి తిరిగి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే అతను మా గుండ్రంలో లేడు. కొంచెం ఎడంగా, దొడ్డి కంచె పక్కన కూర్చున్నాడు.

తండాలో మాట ఖాయమైతే బెల్లం తింటారు. ముందు తాము తల్లి అని కొలిచే దేవతకు చూపించి, తాంబాలంలో పెట్టి చుట్టూ తిప్పుతారు. తిన్నవాడు మాటకు కట్టుబడ్డట్టు, అతని కోసం మిగతావాళ్లూ కట్టుబడ్డట్టు. తాంబాలం కంచె వైపు వచ్చేసరికి యాకోబు లేచి దూరంగా జరిగాడు. నేను నా ముక్క చప్పరిస్తూ అది చూశాను. చూసి ఏమీ అనుకోలేదు.

మరునాడు అతను ముప్పై తోళ్లు కుట్టి, బుట్టలో పెట్టుకుని తండాకు వెళ్లాడు. దస్రు ఒక తోలును గుంజి చూసి మెచ్చుకున్నాడు. ఎవరెవరి మడులు కోయాలో వేళ్ల మీద చెప్పాడు. అందులో యాకోబు మడి లేదు.

"నాయక్, గురువారం బండ్లొచ్చేది నా మడికే గద?"

"నువ్వు బెల్లం తినకపోతివి," అన్నాడు దస్రు. గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నాడంతే. "తాంబాలం వస్తుంటే లేచి పోతివి. మీ యేసు పాటోళ్లు మా తల్లికి చూపించింది తినరు, మాకెరికే. మీ పాస్టరు దొరతోని మాట్లాడుకుండేమో అనుకున్నం. వద్దన్నోనికి బలవంతం ఏం చేస్తం?"

యాకోబు బుట్ట కింద పెట్టాడు.

"దానికి లేవలేదు నాయక్. తినే పళ్లెం దగ్గరికొస్తే నేను దూరం జరుగుత. సిన్నప్పటి సంది గంతే. నేను అనుకునేలోపే కాళ్లు జరుగుతయి."



"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు," అన్నాడు యాకోబు. "నేను జరగకుంట ఆ తాంబాలంల చెయ్యి పెడితే ఊకుంటుంటివా?"

దస్రు తోలును వేళ్ల మధ్య తిప్పాడు. "ఏమో," అన్నాడు. "అబద్ధం ఎందుకు? నాకే తెల్వదు. రేపు పొద్దుగాల మళ్ల కూసుందాం. నువ్వు నడుమల కూసో. సూద్దాం."

ఆ 'సూద్దాం' పట్టుకుని ఇంటికి వచ్చాడు యాకోబు. ఇప్పుడు రెండో చిక్కు. కోదాడ నుంచి నెలకోసారి వచ్చే పాస్టరు ఇతర దేవుళ్లకు చూపించింది తినొద్దని చెప్పాడు. యాకోబు ఆ మాట తప్పని మనిషి.

"తినకుంటే మడి పోతది, తింటే మాట పోతది," అన్నాడు.

సుందరమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "ప్రభువు పిలిచినోని ఇంట్ల కూసోని తిన్నడని ఆదివారం పాడేది నువ్వే గద? అందరికన్న పెద్ద గొంతు పెట్టి."

"అది వేరే."

"వేరే ఎట్లయితది? ఇన్నేండ్లల్ల నిన్ను కూసోని తినమని పిలిచినోడు ఒక్కడు సూపెట్టు. ఇప్పుడు పిలుస్తుంటే ఎవలకు చూపించిన్రు, ఎట్ల వండిన్రు అని అడుగుతున్నవ్. పాస్టరు అడిగితే నా పేరు చెప్పు. నేను చూసుకుంట."

బుధవారం పొద్దున యాకోబు గుండ్రంలో కూర్చున్నాడు. అటు పక్క కొమురయ్య. ఇటు పక్క ఎవరూ లేరు, ఒక మనిషి పట్టేంత ఖాళీ. అక్కడ కూర్చోవాల్సిన తండా మనిషి బీడీ నెపంతో లేచి వెళ్లాడు, తిరిగి రాలేదు. తాంబాలం వచ్చింది. కొమురయ్య తన ముక్క తీసుకుని, తాంబాలాన్ని యాకోబు చేతికి ఇవ్వలేక నేల మీద పెట్టి, అతని వైపు తోశాడు. అతను అంతవరకే రాగలిగాడు. యాకోబు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

అతను తినడం కష్టం కాదని అప్పుడు నాకు అర్థమైంది. అతని తర్వాత ఎవరు తింటారన్నదే అసలు సంగతి. ఖాళీకి అవతల ఉన్నది నేను. నా చెయ్యి లేవలేదు. చదువుకున్న చెయ్యే.

దస్రు తల్లి పుష్పాబాయి గుడిసె గుమ్మంలో నుంచి లేచి, గాజులు గలగలలాడించుకుంటూ వచ్చి, ఆ ఖాళీలో చతికిలబడింది.

"జర జరుగు యాకోబూ, మోకాళ్లు నొస్తున్నయి," అంది. తాంబాలంలో వెతికి, "అంత పెద్ద ముక్క నువ్వు తీసుకుంటివా? ముసల్దానికి పొడి మిగిల్చినవ్," అని, ముక్కలు ఇంకా ఉన్నా అతను తీసిన చోటి పొడినే చిటికెతో ఎత్తి నోట్లో వేసుకుంది. తాంబాలం నా ఒళ్లోకి తోసి, "తిను బిడ్డా. బడికి పోయినోనివి, దీనికి కూడ పుస్తకం కావాల్నా?" అంది.

తిన్నాను. నా తర్వాత తాంబాలం ఎక్కడా ఆగలేదు. దస్రు చివరి ముక్క తిని, చెయ్యి తుడుచుకుని అన్నాడు: "రేపు ముందుగాల యాకోబు మడి."

గురువారం తెల్లవారకముందే మడిలోకి నలభై కొడవళ్లు దిగాయి. బండ్లు ఆలస్యంగా వచ్చాయి. గట్ల మీద వడిసెలలు పట్టుకున్న మనుషుల్ని చూసి గుమాస్తా బండి దిగలేదు. కొంచెంసేపు అరిచి, సూర్యాపేట నుంచి రజాకార్లను తెస్తానని బెదిరించి, ఖాళీ బండ్లు మళ్లించుకున్నాడు. తర్వాత వాళ్లు రానూ వచ్చారు. ఆ కష్టం వేరే కథ. ఆ రోజు మాత్రం వరి యాకోబు కల్లానికే చేరింది.

పొద్దెక్కాక తండా ఆడవాళ్లు జొన్న గటక కుండలు తెచ్చి గట్టు మీద దింపారు. అందరూ చుట్టూ చేరారు. యాకోబు కొడవలి తుడుస్తూ లేచి, తెలియకుండానే తుమ్మచెట్టు వైపు నాలుగడుగులు వేశాడు.

మడి ఆ చివర మోపు కడుతున్న సుందరమ్మ చూసింది.

"ఓయ్!" అని కేక పెట్టింది. "కాళ్లు యాడికి పోతున్నయి? ఎనుకకు తోలుకరా!"

మడంతా నవ్వింది. యాకోబు తన పాదాల వంక ఒకసారి చూసుకుని, వెనక్కి వచ్చి, కొమురయ్య పక్కన కూర్చున్నాడు.