నర్సంపేటలో ఎక్కిన కారు

ఎనభైల మొదట్లో మాట. పెళ్లయి నాకు రెండు నెలలే. ఎండాకాలం సెలవుల్లో హన్మకొండ నుంచి పాఖాల చెరువుకు పోయి సాయంత్రానికి తిరిగి రావాలని, మా మామయ్య రెండు తెల్ల అంబాసిడర్లు మాట్లాడారు. ఎవరు ఏ కార్లో కూర్చోవాలో కాగితం మీద రాసి మరీ చెప్పారు.

దారిలో నర్సంపేటలో సోడాలు తాగడానికి ఆగాం. ఎండకు తట్టుకోలేక నేను ముందే వచ్చి కార్లో కూర్చుని, ముఖం మీద కొంగు కప్పుకున్నాను. అట్లే నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి కారు పోతోంది. పక్కన ముక్కూమొహం తెలియని పెద్దావిడ ఉంది.

“లేసినవా బిడ్డా? మేం పిల్లను చూడవోతున్నం. నువ్వు మా చుట్టాలల్ల పిల్లవే అనుకొని లేపలే. ఎవరి కోడలివి?”

సోడాల కొట్టు దగ్గర ఆగిన ఇంకెవరిదో తెల్ల అంబాసిడర్ ఎక్కానని అప్పుడర్థమైంది.

“మీ ఆయన పేరేంది?” అని ముందు సీట్లోని పెద్దాయన అడిగారు. మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి “పాఖాల” అని ఏడ్చేశాను.

“ఫికర్ చెయ్యకు బిడ్డా, ముందు నిన్ను దింపుతం. పెండ్లిపిల్ల ఏడికి పోదు” అని ఆయన కారు తిప్పించారు.

పాఖాలలో మావాళ్లు హాయిగా పులిహోర తింటున్నారు. నేను రెండో కార్లో ఉన్నానని ఎవరికి వారే అనుకున్నారట.

“చూసుకొని ఎక్కొద్దా?” అని మా ఆయన నన్ను కసిరారు.

“పెండ్లాం ఏ కార్ల ఉందో చూసుకోనోనివి, పిల్లనంటవేందిరా?” అంటూ అత్తమ్మ ఆయన చేతిలోని పళ్లెం గుంజి నాకిచ్చింది.

అప్పటిదాకా అత్తమ్మంటే నాకు హడల్. ఆ భయం ఆ చెరువు గట్టు మీదే పోయింది.