సుంకాల మేడ గోడలో చిన్న చెయ్యి

సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఘనంగా చెప్పుకోవడానికి అరిగిపోయిన రాతి రేవు, ఎప్పుడో ఆరిపోయిన దీపస్తంభం, సుంకాల మేడ తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఒకప్పుడు ఉప్పు, కలప మోసుకొచ్చే పడవలు ఆ మేడ ముందు ఆగి, సుంకం కట్టి కదిలేవట. ఇప్పుడు పడవ దిగేది సెలవులకొచ్చిన జనం. వాళ్ళకి ఊరి చరిత్రంతా భోజనం వేళలోపే చెప్పి ముగించాలి. ఆ పని గైడు చూసుకుంటాడు. గోరంతని కొండంత చేయడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మేడ కూలిపోకుండా చూసే పని మాత్రం సున్నం మేస్త్రిది.

సున్నం మేస్త్రి చేయి తిరిగిన పనివాడు. తోటివాళ్ళంతా సిమెంటుకి మారినా ఆయన సున్నాన్ని వదల్లేదు. పాత గోడకి సిమెంటు పూస్తే దానికి ఊపిరాడదని ఆయన గట్టి నమ్మకం. గోడ నుంచి రాలిన పాత సున్నాన్ని పారబొయ్యకుండా ఊడ్చి, మెత్తగా నూరి, కొత్తదాంట్లో కలిపి పూసేవాడు. ఆరాక ఏది పాతో ఏది కొత్తో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. "అతుకు కనబడితే నన్ను మేస్త్రీ అని పిలవద్దు" అనేవాడు, కాస్త మీసం తిప్పి. చివరికి ఆ నేర్పే ఆయన పాలిట శత్రువైంది.

ఆయనకి ఒక్కగానొక్క కూతురు. ఒకచోట కాలు నిలవదని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. తల్లి ఇస్త్రీ కొట్లో పనిచేసేది. నిప్పుల పెట్టెల మధ్య పిల్లని ఎక్కడ ఉంచుకుంటుంది? అందుకని పిచ్చుక తండ్రి వెంటే మేడకి వచ్చేది. ఇసుకలో ఇళ్ళు కట్టేది, తాపీ దాచేసి ఆయన్ని ఏడిపించేది. ఇంత అల్లరిదీ కొత్తమొహం కనబడితే చాలు, తండ్రి కాళ్ళ వెనక నక్కేది. ఎవరైనా ముద్దొచ్చి ఎత్తుకుంటే ఊరు ఏకమయ్యేలా ఏడ్చేది.

ఒక సాయంత్రం మేస్త్రి మేడ బయటి మెట్ల పక్క గోడ పూసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి పిచ్చుక ఆ తడి సున్నంలో అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"ఏయ్, పనంతా పాడుచేశావు కదే!"

"తుడిచెయ్యి నాన్నా."

"పద పద. రేపు తుడుస్తాలే."

ఆ రాత్రి పిల్లకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. కాదు. ఆ వానాకాలం దాటకుండానే పిచ్చుక పోయింది. మేస్త్రి మళ్ళీ పనిలోకి వచ్చేనాటికి సున్నం రాయిలా గట్టిపడింది. అందులో ఐదు వేళ్ళూ విప్పిన చిన్న చెయ్యి. ఆయన దాని పక్కన కూలబడి ఏడ్చాడు. చెరిపేయడానికి మాత్రం చేతులు రాలేదు.

ఏళ్ళు గడిచాయి. ఇస్త్రీ కొట్టుకి వెళ్తూ తల్లి రోజూ ఆ గోడ దగ్గర ఆగి, తన అరచెయ్యి దానిమీద ఆనించి వెళ్ళేది. అది ఎవరి చెయ్యో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, భార్యాభర్తలు కూడా దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు కాదు. మాట్లాడుకోవడానికేముంది?

అంతలో పాత కట్టడాల శాఖ నుంచి ఆఫీసరు దిగాడు. మేడని మొదట ఎలా ఉండేదో అలాగే నిలపాలని, తర్వాతి రోజుల్లో చేసిన మరమ్మతులన్నీ పీకేయాలని పైనుంచి ఉత్తర్వట. పీకే పని కూడా మేస్త్రి నెత్తినే పడింది. తను పెట్టిన అతుకుల్ని తనే ఉలితో రాలగొడుతూ మెట్ల దాకా వచ్చాడు. ఆఫీసరు వంగి ఆ చెయ్యిని చూశాడు.

"మేస్త్రీ, ఇది పాతదేనా?"

మేస్త్రి ఉలి వెనక్కి తీసుకున్నాడు. నా కూతురిదంటే ఆ పూటే ఉలి పెట్టించేస్తారు.

"పాతదే సార్. మేడతో పుట్టిందే."

రాలిన సున్నం కలిపిన గోడ కదా, ఆఫీసరు గోకి చూసి సరేనన్నాడు. మేస్త్రి బతికిపోయాననుకున్నాడు. గైడు సంగతి మర్చిపోయాడు.

గైడుకి చెయ్యి దొరికితే ఊరుకుంటాడా? సుంకాల అధికారికి ఓ కూతురుందనీ, పడవలో వెళ్ళిన తండ్రి తిరిగి రాకపోతే గోడకి చెయ్యి ఆనించి ఎదురుచూసిందనీ, ఆ చేతిలో చెయ్యి పెట్టి కోరుకున్నది జరుగుతుందనీ అల్లేశాడు. జనం ఎగబడ్డారు. వరస కట్టి మరీ చెయ్యి పెట్టడం, ఫొటో దిగడం. దీపస్తంభం మొహం చూసేవాడు లేడు. నిజంగా ఆ గోడకి రోజూ చెయ్యి ఆనించేది ఎవరో మేస్త్రికి తెలుసు. కానీ ఏమని చెప్తాడు?

ఒకరోజు భార్య పని నుంచి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"చిటికెన వేలు లేదండీ" అంది.

"ఏంటీ?"

"పిల్లది. చిటికెన వేలు అరిగిపోయింది."

మేస్త్రి మర్నాడే వెళ్ళి వేళ్ళతో తడిమి చూశాడు. నిజమే. బొటనవేలు కూడా సగం పోయింది. కంచె కట్టించమని గైడుని బతిమాలాడు.

"ముట్టుకోనివ్వకపోతే ఎవడొస్తాడు బాబాయ్? ఆ ముచ్చటకే కదా పడవెక్కేది!" అని గైడు భుజం తట్టి పోయాడు. ఆఫీసరుని అడిగితే చూద్దాం అన్నాడు. ఆ చూద్దానికి అర్థం ఊళ్ళో అందరికీ తెలుసు.

వానలకి ముందు మేడ మూసి గోడలు బాగుచేయించే రోజులొచ్చాయి. మేస్త్రి మెట్ల దగ్గర సున్నం కలుపుతుంటే భార్య వచ్చింది. ఆమె చేతిలో పిచ్చుక గౌను ఉంది, పువ్వుల రంగు వెలిసిపోయింది.

"కప్పెయ్యండి" అంది.

"తెలిస్తే పని పోతుంది. పరువూ పోతుంది. ఇన్నేళ్ళు మేస్త్రీ మేస్త్రీ అన్న నోళ్ళే..."

"పోనీండి. కొత్తవాళ్ళు ఎత్తుకుంటేనే గుక్కపట్టి ఏడ్చే పిల్ల అది. ఊరూపేరూ తెలియని వాళ్ళంతా దాని చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. నేను చూడలేను."

ఆయన గౌను అందుకున్నాడు. కొత్త సున్నం చెయ్యికి అంటుకోకుండా గౌను తడిపి దానిమీద పరిచాడు. రాలిన సున్నం మెత్తగా నూరి కలిపాడు. ఆ ఒక్కచోటే పూస్తే దొరికిపోతానని మెట్ల పక్క గోడంతా పూసుకుంటూ పోయాడు. జీవితంలో అంత నున్నగా ఎప్పుడూ పూసి ఉండడు. పూస్తున్నంతసేపూ కళ్ళు కారుతూనే ఉన్నాయి. భార్య పైటచెంగుతో తుడుస్తూ నిలబడింది.

మేడ తెరిచిన రోజు గైడు గగ్గోలు పెట్టాడు. ఆఫీసరు పరుగున వచ్చాడు.

"నేనే సార్. గుంటలు పడ్డాయనుకుని పూసేశాను. చూపు ఆనలేదు."

"గీకి తీసెయ్!"

"గీకితే కింద ఉన్నది కూడా ఊడొస్తుంది సార్."

లోపల గౌను ఉందని, దాన్ని పట్టి లాగితే పైపూత పెచ్చులా ఊడొస్తుందని ఆ భార్యాభర్తలిద్దరికే తెలుసు. ఆఫీసరు నానా మాటలూ అని, ఇక మేడ గడప తొక్కొద్దన్నాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. కళ్ళు పోయాక కూడా తాపీ వదలని ముసలాడని పిల్లలు సైతం నవ్వారు. సిమెంటు పేరు చెబితే మొహం తిప్పుకునే మనిషి ఇప్పుడు వీధి కాలవలకి సిమెంటు పూస్తున్నాడు. దానికి మాత్రం ఎవరూ చూపు అడగరు.

వానలు వెలిశాక ఒక సాయంత్రం ఇద్దరూ పని నుంచి తిరిగొస్తూ మేడ ముందు ఆగారు. జనం లేరు. గైడు దీపస్తంభం దగ్గర ఇంకేదో కథ మొదలుపెట్టాడు. భార్య మెట్ల పక్కకి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టింది. తీసి, ఇంకోచోట పెట్టింది. మళ్ళీ ఇంకోచోట.

"ఎక్కడండీ?" అంది.

మేస్త్రి వంగి చూశాడు. వేళ్ళతో తడిమాడు. గోడంతా ఒక్కటే తీరుగా, చల్లగా, నున్నగా ఉంది. ఎంత వెతికినా అతుకు కనబడలేదు.

భార్య ఆయన మొహంలోకే చూస్తోంది. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని, గోడ మీద ఒకచోట ఆనించాడు.

"ఇక్కడే" అన్నాడు.