తాతయ్యకు తోడుగా వెళ్లిన ఉదయాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచే మనిషి మా తాతయ్యేనని చాలా రోజులు గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం తప్పని తెలిసిన రోజున నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇప్పుడు యాభైకి దగ్గర పడుతున్నాను కాబట్టి ఆ కోపం సంగతి తీరిగ్గా చెప్పుకోగలను.

మేము మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, బాబుపేట్ వాడలో ఉండేవాళ్లం. నాన్నకు బజారులో చిన్న బట్టల దుకాణం. తాతయ్య దుర్గాపూర్ బొగ్గుగనిలో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరే ఉండేవాడు. గనిని మా ఇళ్లలో బాయి అనేవారు. బాయి పని మానేసినా ఆయనకు మొదటి షిఫ్టు అలవాటు పోలేదు. మేమింకా ముసుగుతన్ని పడుకుని ఉండగానే స్నానం చేసి, తల దువ్వుకుని, వెళ్లడానికి ఎక్కడా పని లేక వాకిట్లో కూర్చునేవాడు.

నేను ఎనిమిదో తరగతి. చదువు మరాఠీ బడిలో, అంతంత మాత్రంగా. ఖోఖో మాత్రం బాగా ఆడేదాన్ని. బడి జట్టులో నాకొక చోటు ఉండేది, ఆ సంగతి నలుగురికీ తెలిసేలా నడిచేదాన్ని. ఆ ఏడు వానాకాలంలో టైఫాయిడ్ వచ్చింది. నెల రోజులకు పైగా మంచం మీదే ఉన్నాను. జ్వరం తగ్గాక అమ్మ నన్ను మళ్లీ మనిషిని చేయాలని కంకణం కట్టుకుని గుడ్లు, అరటిపళ్లు, నెయ్యి పోసిన పప్పన్నం పెట్టింది. మంచం దిగేసరికి ముఖం గుండ్రంగా తయారైంది, కాళ్లలో మాత్రం సత్తువ లేదు. స్కూలు లంగా నడుము దగ్గర పట్టలేదు.

అప్పుడే మా వాడకు కేబుల్ టీవీ వచ్చింది. పొద్దున్నే ఒకావిడ మెరిసే బట్టలు వేసుకుని, నవ్వుతూ, ఎగురుతూ వ్యాయామం చేయించేది. అంత ఎగిరినా ఆమెకు చెమట పట్టేది కాదు. ప్రకటనల్లో తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న పిల్లలు గాలిలో తేలేవారు. అవి వేసుకుంటే పరుగు దానంతట అదే వస్తుందని నమ్మి, నాన్న ప్రాణం తీసి, ఒక జత కొనిపించుకున్నాను. దసరా సెలవుల తర్వాత ఆ బూట్లతో మైదానానికి వెళ్లాను. పోయిన నెలల పరుగంతా ఆ ఒక్క సాయంత్రంలోనే రాబట్టాలనుకున్నాను. రెండు చుట్లు ఎలాగో తిరిగాను. మూడో చుట్టులో కళ్లకు చీకట్లు కమ్మి, జట్టు మొత్తం చూస్తుండగా మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. పీటీ టీచర్ మంచిదే, నా వీపు నిమిరి, “ఆరామ్ కర్ బాళా, పుఢచ్యా వర్షీ బఘూ” అంది. విశ్రాంతి తీసుకో, వచ్చే ఏడాది చూద్దాం అని. నవ్విన పిల్ల మీద కంటే ఆ మంచి మాట మీదే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

డిసెంబరులో తాలూకా పోటీలు. జట్టులో నా చోటు పోతుందన్నది ఒక బాధ. నిన్నటిదాకా చెప్పినట్టు విన్న నా ఒళ్లు పదిమందిలో నా పరువు తీసిందన్నది అంతకంటే పెద్ద బాధ. బూట్లు అటక మీదికి విసిరేశాను. పీటీ పీరియడ్ వచ్చినప్పుడల్లా కడుపునొప్పి అని చీటీ రాసిమ్మని అమ్మను సతాయించేదాన్ని. ఆటల మాటెత్తితే కయ్‌మనేదాన్ని. ఇక జన్మలో మైదానం తొక్కనని చెప్పాను, నిజంగానే ఆ ఉద్దేశంతోనే ఉన్నాను.

మా తాతయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. వారం గడిచాక ఒక పొద్దున నా మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“డాక్టరు నడువుమన్నడు బిడ్డా. ఒక్కన్నే పోతే యాడన్న పడుత. జర తోడు రారాదు?”

అమ్మ వంటింట్లోంచే అడ్డం పడింది. “మామా, పోరి గిప్పుడిప్పుడే లేస్తుంది.”

“పోరి నన్ను పట్టుకునేతందుకు వస్తది, ఉరికేతందుకు గాదు” అన్నాడు తాతయ్య.

ముసలాయన అడిగితే కాదనలేక చెప్పులేసుకుని బయలుదేరాను. వీధిలోకి రాగానే ఆయన ఆగి, “నువ్వు ముంగట నడువు. నాకు కండ్లు సక్కగ ఆనవు, నీ ఎనుక వస్త” అన్నాడు. ఇంట్లో చిన్నదాన్ని, ఎప్పుడూ ఎవరో ఒకరి వెనుక నడిచేదాన్ని. నన్ను ముందు పెట్టి పెద్దమనిషి వెనుక రావడం నాకు గొప్పగా అనిపించింది.

మొదటి రోజు మా వీధి చివర పిండి ఆడించే గిర్ని దాకా వెళ్లాం. అంతలోనే రెండుసార్లు ఆగాడు. “ఆగు బిడ్డా, దమ్మొస్తుంది” అని ఎవరి అరుగో చూసుకుని కూర్చునేవాడు. నేను నిలబడి జాలిగా చూసేదాన్ని. నిజం చెప్పాలంటే ఆయన ఆగమన్నప్పుడల్లా నా గుండె కూడా దడదడలాడుతూనే ఉండేది, ఆగినందుకు లోపల సంతోషంగానే ఉండేది. కానీ ఆగింది ఆయన కదా, అందులో నాకు చిన్నతనం ఏముంది? గిర్ని దగ్గర నుంచి వెనక్కి తిరిగి వచ్చేశాం. ఇంటికి వచ్చాక అమ్మతో గుసగుసగా, తాతకు అసలు శక్తి లేదు, నేనే మెల్లగా తీసుకొచ్చానని చెప్పాను. అమ్మ తల వంచుకుని బియ్యం ఏరుకుంటూ ఊఁ కొట్టింది.

అలా రోజూ వెళ్లాం. చలికాలం మొదలైంది. ఊరి పక్కనున్న పవర్ స్టేషన్ బూడిద పడి గోడల మీద, ఆకుల మీద సన్నటి పొర ఉండేది, ఆగిన చోట తాతయ్య దాని మీద వేలితో గీతలు గీస్తూ కూర్చునేవాడు. రెండో వారానికి గిర్ని దాటాం. మూడో వారానికి రైలుగేటు చేరాం. ఆయన ఆగడం తగ్గింది. నేను తోడు రావడం వల్లే ఆయనకు నయమవుతోందని నాకు రూఢి అయిపోయింది. ఆ ఘనత గురించి నాన్నకు కూడా చెప్పాను.

ఒక్క విషయంలో మాత్రం నాకు విసుగు పుట్టేది. నాకు హుషారు వచ్చి, ఇంకాస్త దూరం పోదామనిపించిన చోట ఆయన ఇంటిదారి పట్టేవాడు. “ఇంకా నడుద్దాం తాతా” అంటే వినేవాడు కాదు.

“ఇంకింత నడుస్త అనిపిస్తున్నప్పుడే మర్లాలె బిడ్డా. కాళ్లు గుంజినంక మర్లితె రేపు మంచం దిగబుద్ధి గాదు.”

ముసలాయన తన కాళ్ల గురించి చెప్పుకుంటున్నాడనుకున్నాను.

నెల దాటాక ఒక రోజు రైలుగేటు అవతల చాయ్ బండి దగ్గర గని కార్మికులు కొందరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన తాతయ్య దగ్గర పని నేర్చుకున్నవాడు. మమ్మల్ని చూసి చాయ్ గ్లాసు పట్టుకునే ఎదురొచ్చాడు. ముందు నన్ను ఎగాదిగా చూసి, తర్వాత తాతయ్యను అడిగాడు.

“ఏందన్నా, పోరిని ముంగట వెట్టినవ్? పానం బాగలేదా?”

“నాకేమైంది?” అన్నాను నేను. “తాతకే దమ్మొస్తది. నేనే తోలుకొస్తున్న.”

అక్కడున్నవాళ్లంతా గొల్లుమన్నారు. “మీ తాతకా? దమ్మా? మొన్న ఆయితారం సైకిల్ తొక్కుకుంట దుర్గాపూర్ దాకా వచ్చిపోయిండు గదా!” అన్నాడాయన. తాతయ్య పైపంచె సర్దుకుంటూ రైలు పట్టాల వైపు చూస్తున్నాడు. నా ముఖం చూసి ఆ మనిషి నవ్వు ఆపి, నెమ్మదిగా చెప్పాడు. “బాయిల బీమారు నుంచి లేసినోన్నే ముంగట నడిపిస్తం బిడ్డా. ఎనుక వెడితె యాడ పడిపోయిండో ఎవలకు తెల్వది.”

ఆ పద్ధతి గురించి తర్వాత ఇంకొంచెం తెలుసుకున్నాను. తాతయ్య పనిచేసిన బాయిలో లోపలికి ఏటవాలుగా ఒక దారి ఉండేది. షిఫ్టు అయ్యాక అందరూ వరుసగా ఆ దారిలో పైకి ఎక్కాలి. జబ్బుచేసి సెలవు పెట్టి మళ్లీ పనిలోకి వచ్చినవాడిని ఆ వరుసలో అందరికంటే ముందు ఉంచేవారు. వెనుకవాళ్ల టోపీ దీపాల వెలుతురంతా అతని వీపు మీద పడేది. అతను ఎంత మెల్లగా ఎక్కితే మిగతావాళ్లంతా అంత మెల్లగా ఎక్కాలి. అతను ఆగితే అందరూ ఆగాలి. తొందరపెట్టకూడదు, ఎలా ఉందని అడగకూడదు, జబ్బు మాటే ఎత్తకూడదు. కొన్ని రోజులకు అతని నడక దానంతట అదే కుదురుకునేది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే వరుసలో కలిసిపోయేవాడు.

ఆ పొద్దున నాకు ఇదంతా వినే ఓపిక ఎక్కడిది? నేనే తాతయ్యను నడిపిస్తున్నాననుకున్నాను, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను, అమ్మ బియ్యం ఏరుతూ ఎందుకు తల వంచుకుందో అప్పుడర్థమైంది. మళ్లీ పదిమందిలో పరువు పోయింది. వెనక్కి తిరిగి గబగబా ఇంటిదారి పట్టాను. ఆయన వస్తున్నాడో లేదో చూడలేదు. రైలుగేటు దాటాను, వీధుల వెంట పడి గిర్ని దాకా వచ్చాను. అక్కడ ఏడుపు ఆపుకోలేక నిలబడి వెనక్కి చూస్తే, ఆయన సరిగ్గా పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయాసం లేదు, ఏమీ లేదు.

“అబద్ధం చెప్పినవ్ తాతా.”

“అవ్ బిడ్డా. నిజం చెప్తె వస్తుంటివా?” అన్నాడు. వచ్చిన దారి చేత్తో చూపించి, “గేటు కాడ నుంచి గీడిదాంక ఒక్కపారి గూడ ఆగలే నువ్వు. సూసుకున్నవా?” అన్నాడు.

చూసుకోలేదు. కోపంలో నా ఒంటి సంగతే మరిచిపోయాను. గుండె కొట్టుకుంటోంది కానీ అది కొట్టుకోవాల్సిన తీరులోనే కొట్టుకుంటోంది. కళ్ల ముందు చీకట్లు లేవు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఎంతటిదంటే, కోపంగా ఉండాలన్న పట్టుదల కూడా దాని ముందు నిలవలేదు. అయినా మర్యాద కోసం రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు అటక మీద నుంచి బూట్లు దించాను.

ఆ తర్వాత రైలుగేటు దాటాక కొంచెం కొంచెం పరుగెత్తేదాన్ని. కరెంటు స్తంభం నుంచి కరెంటు స్తంభం దాకా పరుగు, ఆ తర్వాతి స్తంభం దాకా నడక. జట్టు ఎంపిక రోజున మైదానానికి వెళ్లాను. మూడో చుట్టులో ఊపిరి అందలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, అందరూ చూస్తుండగానే ఆగాను. మళ్లీ ఎవరో నవ్వారు. ఊపిరి తిరిగాక మళ్లీ పరుగెత్తాను. తొమ్మిది మందిలో నాకు చోటు రాలేదు. జాబితాలో అందరికంటే చివర అదనపు ఆటగత్తెగా నా పేరు రాశారు. తాలూకా పోటీల్లో మా బడి రెండో ఆటలోనే ఓడిపోయింది. ఆ ఆటలో చివరి కొద్ది నిమిషాలు నన్ను దింపారు, ఒకమ్మాయిని పట్టుకున్నాను. ఆ సంగతి నాకు తప్ప ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు.

తర్వాత బతుకులో నడక చాలాసార్లు ఆగిపోయింది. పెళ్లి, కాన్పులు, బదిలీలు, బద్ధకం. ఆగిన ప్రతిసారీ గిర్ని దాకా అన్నంత దూరంతోనే మళ్లీ మొదలుపెట్టాను. నా ఒంటిని తిట్టుకోవడం మాత్రం ఆ చలికాలంతోనే మానేశాను.

పోయిన ఏడాది మా ఆయనకు గుండెకు స్టెంటు వేశారు. డాక్టరు నడవమన్నాడు. ఆయన మొదటి రోజే ఐదు కిలోమీటర్లు కొట్టేస్తానని చేతికి కొత్త గడియారం పెట్టుకుని తయారయ్యారు. నాకు మోకాళ్ల నొప్పులని చెప్పి, మెల్లగా తోడు రమ్మని అడిగాను. ఈ సంగతి అమ్మకు ఫోనులో చెప్పాను. అప్పుడు అమ్మ ఇన్నేళ్లుగా ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. ఆ నెల రోజులూ తాతయ్య జేబులో గ్లూకోజు పొట్లం, చిన్న సీసాలో నీళ్లు పెట్టుకుని బయలుదేరేవాడట. నేను తిరిగి వచ్చి పళ్లెం ముందు కూర్చునేదాకా ఆయన చాయ్ కూడా ముట్టేవాడు కాదట.

తాతయ్య ఆగమనకుండా నేనే వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసింది ఒక్కసారే, అదీ ఏడుస్తూ. నాకు ధైర్యంగానే కనిపించాడు. ఇప్పుడు మా ఆయన నా ముందు నడుస్తుంటారు. ఉన్నట్టుండి ఆగుతారు, ఏదో చెట్టును చూస్తున్నట్టు నిలబడతారు. నేనూ ఆగుతాను. ఎందుకు ఆగారని అడగను. ఆయన మళ్లీ అడుగు వేసేదాకా నాకు ఊపిరాడదు.